ఫోన్‌లో పదిహేడు, కాగితంలో డెబ్బై ఒకటి

ఒంటిగంట నలభైకి చంద్రమోహన్ తన చేతిగడియారం విప్పి బల్లమీద పెట్టాడు. ఇలాంటి నాటకాలంటే అతనికి మొదటినుంచీ ఇష్టమే.

“నాలుగింటికి పోలీసులొస్తారు రజనీ. ఈ పిల్లను వాళ్ళకు అప్పజెప్పి నేను కడప బండెక్కుతా. ఆ లోపల నువ్వేం కనుక్కుంటావో కనుక్కో.”

పదేళ్ళ కిందట ఇద్దరూ ఒకే సైబర్ సెల్‌లో ఎస్సైలు. ఇప్పుడతను కడపలో ఒక సెక్యూరిటీ కంపెనీకి పెద్ద. ఆమెది ప్రొద్దుటూరులో మెడికల్ షాపు మేడమీద ఒంటిగది డిటెక్టివ్ ఆఫీసు. ప్రాణదీపం ట్రస్టు వాళ్ళు ఏరికోరి అతన్ని పిలిపించుకున్నారు. ఆ ట్రస్టులో సర్వర్ చూసుకునే శిల్పను కాపాడమని ఆమె తండ్రి ఆదినారాయణ వచ్చి రజని కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఇప్పుడా శిల్ప బల్లకు అవతల కూర్చుని వేళ్ళు విరుచుకుంటోంది. పొద్దున పదకొండుకే ఆమె ఫోనూ ల్యాప్‌టాపూ లాక్కుని, కవర్లో పెట్టి సీలు వేసి, సీలుమీద తన సంతకం పెట్టి తన సంచిలో వేసుకున్నాడు చంద్రమోహన్.

గోడవారగా నేలమీద యల్లమ్మ కూర్చుని ఉంది. తొండూరు అవతలి పల్లె ఆమెది, గొర్రెలు మేపుకునే మనిషి. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఆమె చేతిలో ప్లాస్టిక్ కవరు అంటించిన కాగితం ఒకటి ఉంది. పొద్దున పులివెందులలో రజని తనను జీపులో ఎక్కించుకున్నప్పటినుంచీ దాన్ని వదల్లేదు.

ట్రస్టు పని చెప్పుకోవడానికి చిన్నది, చేయడానికి పెద్దది. పల్లెల్లో ఎవరినైనా పాము కరిస్తే ఆ రోజు ఏ ఆస్పత్రిలో మందు ఉందో చెప్పి, దగ్గర్లో ఉన్న జీపును పంపుతారు. అందుకొక ఫోన్ నంబరుంది. నంబరూ, ఆస్పత్రుల జాబితా వాళ్ళ వెబ్ పేజీలో ఉంటాయి. నంబరు చివర పదిహేడు. యల్లమ్మ కాగితంలో చివర డెబ్బై ఒకటి. తేడా అంతే. ఆ తేడాకే సోమవారం ఆమె మొగుడు కృష్ణయ్య ప్రాణం పోయింది.

“పాము కరిసింది ఎన్నింటికి యల్లమ్మా?” రజని అడిగింది.

“తొమ్మిది దాటింది తల్లీ. జీవాల్ని తోలుకోని బీట్లోకి పోయినాం. కాయితం జూసి నేనే నొక్కినా. మొగోడెవురో ఎత్తినాడు. బండొస్తాంది, ఇంగెవురికీ చెయ్యొద్దు అన్యాడు. రొంతసేపటికి మళ్ళా చేస్తే వస్తాంది అన్యాడు. మూడోసారి ఎత్తనేలేదు. పదకొండుంబావుకు ఆయప్ప కండ్లు తేలేసె.”

చంద్రమోహన్ తన ఫోన్ తెరిచి పేజీ చూపించాడు. “ఇదిగో, పదిహేడు. ఏ ఫోన్‌లో చూసినా పదిహేడే. పదిహేడును తిప్పితే డెబ్బై ఒకటి. ఆత్రంలో తారుమారుగా నొక్కింది.”

“మూడుసార్లూ ఒకే మాదిరి తారుమారా? ఆమె కాగితంలో ఉన్నదే నొక్కింది. ఆ డెబ్బై ఒకటిలో మనిషి ఎత్తి బండొస్తాందని చెప్పినాడంటే, ఈ నంబరు మాదిరి నంబరు వెతికి పెట్టుకున్నాడని అర్థం.”

“సరే, కాగితమే తప్పు. ఎవరి తప్పు? ప్రింటు తీసింది జమ్మలమడుగు జెరాక్స్ షాపు నయీం. పేజీలో ఉన్నదే తీసినానంటాడు. పేజీ మార్చే పాస్‌వర్డ్ ఈ పిల్ల ఒక్కదాని దగ్గరే ఉంది. నయీం ప్రింటు తీసే పొద్దు నంబరు మార్చింది, తీసినాక మళ్ళా సరిచేసింది. అయిపాయె కేసు.”

“నేను మార్చలేదు సార్,” అంది శిల్ప. పొద్దుటినుంచీ అదే మాట అని అని గొంతు బొంగురుపోయింది.

రజనికి లోపల భయంగానే ఉంది. రెండు గంటలా ఇరవై నిమిషాలు. చేతిలో ఒక కాగితం తప్ప మరేమీ లేదు. పైగా ఆ నంబరు వెనక మనిషి ఇంకా ఫోన్ ఎత్తుతూనే ఉన్నాడు. ఆ తప్పు ఎక్కడినుంచి పుడుతోందో దొరక్కపోతే శిల్ప జైలుకు పోయినా రేపు ఇంకో కాగితం ఇంకొకర్ని చంపుతుంది. చంద్రమోహన్‌కు అది పట్టలేదు. అతనికి కావలసింది ముద్దాయి.

“సర్వర్ గది చూడాల,” అంది లేస్తూ.

మేనేజరు మహేష్ తాళంచెవితో పరుగున వచ్చాడు. నలభై ఏళ్ళ మెత్తటి మనిషి. అందరినీ అమ్మా, అప్పా అంటూ మాట్లాడతాడు. టీలు తెప్పించేదీ, కుర్చీలు వేయించేదీ అతనే. గది వెనకవైపు ఉంది. ఒక కిటికీ, దొడ్లోకి ఒక తలుపు, ఇనప బీరువాలో రెండు మిషన్లు, ముందు ఒక కీబోర్డు. బీరువా తలుపుకు పసుపు పూసిన గుర్తులూ, ఎండిపోయిన నిమ్మకాయా ఉన్నాయి. 

“ఆయుధపూజ నాటివమ్మా,” అన్నాడు మహేష్ మొహమాటంగా. “మహర్నవమి నాడు జీపులకూ, మిషన్లకూ అన్నిటికీ చేస్తాం.”

“మిషన్లు రెండెందుకు?”

శిల్ప గుమ్మంలోనుంచే చెప్పింది. “లోపలి దాంట్లో జాబితా, నంబరు ఉంటాయి మేడం. పేజీ అక్కడే తయారవుతాది. బయటిది ఆ పేజీని తీసుకోని జనాలకు అందిస్తాది.”

“నువ్వు ఏది చూసినావు చంద్రమోహన్?”

“లోపలిదే. నంబరుండేది దాంట్లోనే గదా. అందులో మార్చిన జాడ లేదు. తుడిచేసింటాది.”

“బయటిది?”

అతను బయటి మిషన్‌ను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు దానివైపు వంగాడు. రజనికి ఆ రోజు మొట్టమొదటిసారి కాళ్ళకింద నేల దొరికినట్టనిపించింది.

రెండూ పదికల్లా, ముందరి గదిలోని కంప్యూటరు దగ్గర కూర్చుంది. జమ్మలమడుగులో పొద్దున నయీం చెప్పిన మాట ఆమె బుర్రలో తిరుగుతూనే ఉంది. “మందలెంబడి పొయ్యేటోళ్ళకు బటన్ ఫోన్లే ఉంటాయి మేడం. సంతకొచ్చినప్పుడు కాయితం అడుగుతారు. మా సలాం మామ పాత మిషన్లో ఒక ప్రోగ్రాం ఏసిచ్చినాడు. ఒక్క బటన్ నొక్కితే పేజీ దిగొచ్చి ప్రింటరుకు పోతాది. నేను స్క్రీన్ మీద చూసేదే లేదు.”

నయీం పేజీని ఫోన్‌లో చూడడు, బ్రౌజరులో చూడడు. పాత ప్రోగ్రాం అడుగుతుంది, సర్వర్ ఇస్తుంది. రజని అదే పేజీని రెండు రకాలుగా అడిగింది. మొదట ఫోన్లు అడిగే పద్ధతిలో, కుదించి పంపమని. పదిహేడు వచ్చింది. తర్వాత నయీం ప్రోగ్రాం అడిగే పద్ధతిలో, కుదించకుండా. స్క్రీన్ మీద డెబ్బై ఒకటి పడింది.

చంద్రమోహన్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. “మళ్ళా కొట్టు.”

మళ్ళీ కొట్టింది. పదిహేడు. డెబ్బై ఒకటి. శిల్ప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. యల్లమ్మకు ఏమీ అర్థం కాలేదు గానీ, ఆ అంకెలు మాత్రం గుర్తుపట్టింది.

“బయటి సర్వర్‌లో ఫిల్టర్ పెట్టినారు,” అంది రజని. గొంతులో కాస్త గర్వం కూడా తొంగి చూసింది, దాచడమెందుకు. “పేజీ గడప దాటేటప్పుడు పట్టుకోని, పదిహేడు కనపడితే డెబ్బై ఒకటి చేసి పంపే ఫిల్టర్. అందుకే లోపల ఏ జాడా లేదు, లోపల అంతా సరిగ్గానే ఉంది. ఫోన్లేమో పేజీని కుదించి ఇయ్యమంటాయి. లోపలి మిషను మూట కట్టి ఇస్తాది. మూటలో ఉండే అంకెలు ఫిల్టరుకు కనపడవు, గుడ్డిది మాదిరి వదిలేస్తాది. నయీం ప్రోగ్రాం పాతది, మూట అడగదు. విడి కాగితం దొరికినట్టు పేజీ ఫిల్టరుకు దొరుకుతాంది.”

“శానా గొప్పగా కనుక్కున్యావమ్మా,” అన్నాడు మహేష్, టీ గ్లాసు అందిస్తూ. “అయితే అందరి ఫోన్లలో గూడా మార్చాలని వాడనుకోనుంటే ఏం జేయాల్సింది?”

“వరస తప్పినాడు. మొదట మూట విప్పే ఫిల్టర్, తర్వాత మార్చే ఫిల్టర్, చివర మళ్ళా మూట కట్టే ఫిల్టర్. ఒకే లైన్లో ఆ మూడూ వరసగా రాసుంటే ప్రతి ఫోన్లోనూ మారిపోతాండె. నడిమిదొక్కటే రాసినాడు తెలివితక్కువోడు. మన అదృష్టం.”

మహేష్ తల ఊపాడు. యల్లమ్మకు తినడానికి ఏమైనా తెస్తానని రెండూ ఇరవై ఎనిమిదికి బయటికి పోయాడు.

రజని బయటి సర్వర్ ఎలా నడవాలో రాసి ఉండే కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచింది. దొంగ లైను దొరికింది. ఫైలు చివరిసారి మారిన తేదీ చూసి చంద్రమోహన్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. “మారింది పోయిన నెల. ఉదయం పదకొండూ ఇరవై. ఎవరి పేరుతో లాగిన్? శిల్ప పేరుతో. ఫిల్టరో గిల్టరో, రాసింది ఈమే! నువ్వు నాకే సాయం చేస్తివి రజనీ.”

రజని గోడమీది క్యాలెండరు వైపు చూసింది. ఆ తేదీ కింద ఎర్రక్షరాలున్నాయి. మహర్నవమి.

“ఆ పొద్దు నువ్వు ఆఫీసుకు వచ్చినావా?”

“రాలేదు మేడం.”

“పూజకు గూడా రాలేదా? నీ మిషన్లకే గదా పూజ.”

శిల్ప నీళ్ళు నమిలింది. చంద్రమోహన్ వైపు ఒకసారి, నేలవైపు ఒకసారి చూసింది. పొద్దుటినుంచీ ఎన్ని ప్రశ్నలడిగినా ఇంతలా ముడుచుకుపోలేదు. రజనికి విషయం సగం అర్థమైంది.

“నువ్వు రొంతసేపు బయట నిలబడు చంద్రమోహన్.”

“నేనెందుకు పోవాల? ముద్దాయిని నీకొదిలేసి...”

“పోప్పా! ఆడోళ్ళ మాటలు ఉంటాయి,” అని నేలమీదినుంచి యల్లమ్మ గదమాయించింది. పాతికేళ్ళ సర్వీసులో నేరస్తులెవరూ అతన్ని అలా గదమాయించలేదు. గొణుక్కుంటూ వరండాలోకి నడిచాడు.

“నాకా పొద్దు నెలసరి మేడం,” అంది శిల్ప గుసగుసగా. “పూజ జరిగే గదిలోకి రాగూడదు గదా. మిషన్లను ఊరికే ఆపేస్తే ఫైళ్ళు పాడైతాయి. లోపలికి పోయి పద్ధతిగా ఆపాల, పూజయినాక మళ్ళా లేపాల. అందుకని ఫోన్లో పాస్‌వర్డ్ చెప్పినా. ఎందుకు రాలేదని అడిగితే ఇంతమంది మగోళ్ళ ముందర ఎట్ల చెప్పాల?”

“ఎవరికి చెప్పినావు?”

“మహేశన్నకు.”

రజని లేచి నిలబడింది. ఒక్క నంబరు కోసం నెలరోజులుగా దొడ్డిదారి తవ్వుకున్న మనిషికి, ఆ దారి ఎక్కడ పూడిపోయిందో, ఎలా సరిచేసుకోవాలో తనే టీ తాగుతూ వివరంగా చెప్పింది. తన తెలివి మీద తనకే అసహ్యం వేసింది. తన ఫోన్ తీసి పేజీ తెరిచింది.

చివర డెబ్బై ఒకటి.

“చంద్రమోహన్!”

అతను వచ్చి చూశాడు, తన ఫోన్ కూడా తెరిచాడు. అందులోనూ అదే. ఇందాక పదిహేడు చూపించి వాదించిన ఫోనే అది. ఎవరెప్పుడు ఏం చేశారో మిషను రాసుకునే సర్వర్ లాగ్‌ను రజని తిప్పింది. రెండూ నలభై ఒకటికి ఫైలు మారింది. శిల్ప పేరుతోనే. లాగిన్ అయింది ఎక్కడో బయటినుంచి కాదు, వెనకగదిలోని కీబోర్డు నుంచి.

“రెండూ నలభై ఒకటికి ఈ పిల్ల నీ కళ్ళముందరే కూర్చోనుంది. ఈమె ఫోనూ, ల్యాప్‌టాపూ నీ సంచిలో నీ సీలుకింద ఉన్నాయి. ఇంకేమన్నా అడగాల్నా?”

చంద్రమోహన్ సంచి తెరిచి సీలు చెక్కుచెదరలేదని చూసుకున్నాడు. ఇద్దరూ వెనకగదికి పరుగెత్తారు. తాళం వేసి ఉంది. అతను భుజంతో రెండుసార్లు మోదాడు, మూడోసారికి గొళ్ళెం ఊడొచ్చింది. లోపల ఎవరూ లేరు. దొడ్డి తలుపు బార్లా తెరిచి ఉంది. కీబోర్డు ముందర స్క్రీన్ వెలుగుతోంది. పారిపోయే తొందరలో లాగవుట్ చేయడం మరిచిపోయాడు.

ఫైల్లో ఆ లైను ఇప్పుడు పొడుగ్గా ఉంది. విప్పేది, మార్చేది, కట్టేది. రజని చెప్పిన వరస ఎక్కడా తప్పలేదు.

“నువ్వు తీసెయ్,” అన్నాడు చంద్రమోహన్ రజనితో.

“ఈ మిషను నాకు కొత్త. ఒక అక్షరం తప్పు పడితే సర్వరే లేవదు. శిల్ప చేయాల.”

“ముద్దాయి చేతికి కీబోర్డా?”

“నువ్వు వాదించే ఒక్కో నిమిషానికి ఎంతమంది ఈ పేజీ చూస్తాండారో లెక్కపెట్టుకో.”

అతని మొహంలో ఏదో విరిగింది. గుమ్మంలో నిలబడ్డ శిల్పకు దారిచ్చాడు. “చెయ్యమ్మా. తొందరగా చెయ్యి.”

శిల్ప కూర్చుంది. ఏడుస్తూనే లైను తీసేసింది, ఫైలు సరిగ్గా ఉందో లేదో ఒకసారి పరీక్షించింది, సర్వర్‌కు కొత్త ఫైలు చదివించింది. మూడూ నాలుగుకు రజని ఫోన్‌లో పదిహేడు వచ్చింది. రెండు పద్ధతుల్లోనూ అడిగి చూశారు. రెంటిలోనూ పదిహేడే.

“మేడం,” అంది శిల్ప. “ఇది చూడండి.”

రెండూ నలభై ఒకటికీ మూడూ నాలుగుకూ మధ్య పేజీ తెరిచిన ఫోన్లు ముప్పై ఎనిమిది. చాలామంది ఒకసారి తెరిచి వదిలేశారు. ఒక్క ఫోన్ మాత్రం రెండూ నలభై నాలుగుకు తెరిచింది. మళ్ళీ రెండూ యాభైకి. యాభై మూడుకు. యాభై ఐదుకు. మూడింటికి. మూడూ రెండుకు. నంబరు సరిగ్గానే కొడుతున్నామా అని ఎవరో ఆరుసార్లు సరిచూసుకున్నారు.

ఊరికే చూసేవాళ్ళు ఎవరూ అలా చూడరు. ఆ మనిషి ఎవరో, ఏ ఊళ్ళో ఉన్నారో లాగ్ చెప్పదు. ఫోన్ కంపెనీని అడిగితే కాగితాలు కావాలంటారు, సాయంత్రమవుతుంది. కృష్ణయ్యకు దొరికింది రెండు గంటల టైము. వీళ్ళకు అప్పుడే ఇరవై నిమిషాలు అయిపోయింది.

“ఆ నంబరెత్తే వానికి తెలుసు,” అంది రజని. “వాళ్ళు యాడుండారో వానికొక్కనికే తెలుసు. నేను చేస్తే నా గొంతు గుర్తుపడతాడు. శిల్ప గొంతూ గుర్తుపడతాడు.”

యల్లమ్మ ఎప్పుడు వచ్చిందో, తలుపు దగ్గర నిలబడి వింటోంది. “నేను చేస్తా,” అంది.

“ఏం చెప్పాల్నో తెలుసా యల్లమ్మా?”

“నాకు తెలీకుండా ఎవురికి తెలుస్తాది తల్లీ?”

ఆమె ఫోన్ నుంచి చేస్తే సోమవారం వచ్చిన నంబరేనని మహేష్ గుర్తుపడతాడు. చంద్రమోహన్ తన ఫోనే తీసి, డెబ్బై ఒకటి నొక్కి, స్పీకర్ పెట్టి ఆమె చేతికిచ్చాడు. నాలుగు రింగులయ్యాయి.

“హలో.”

“నాయనా, పాముకాటు నంబరేనా?” మూడు రోజుల దుఃఖం గొంతులో ఉండనే ఉంది, ఆమె నటించాల్సిన పని లేకపోయింది. “నా మొగున్ని పాము కరిసింది సామీ. కాలు ఉబ్బిపోతాంది. బండి పంపు నాయనా.”

“భయపడద్దమ్మా. బండొస్తాది. యా ఊరు?”

శిల్ప రజని మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆమె చెప్పకముందే రజనికి తెలిసిపోయింది. అదే మెత్తటి గొంతు. ఇందాక టీ గ్లాసు అందించిన గొంతు.

“తొండూరు కాడ నాయనా. యెంతసేపటికొస్తాది?”

“రొంత ఆలస్యమైతాది. ఉండేది ఒకటే బండి, కర్నూలు ప్రైవేటు ఆస్పత్రికి కేసును తీసుకోని పోయింది, తిరిగొస్తాంది. మీకంటే ముందర ఇంకొకరున్నారు.”

ట్రస్టు జీపులకు చేరాల్సిన వాళ్ళను తన ఒక్క బండికి మళ్ళించుకుని, ఆ ఆస్పత్రి దగ్గర కమీషను తింటున్నాడని రజనికి అర్థమైంది.

“ముందర ఎవురు నాయనా? మా చిన్నాయనోళ్ళ మందలు గూడా ఇట్లనే తిరుగుతాండాయి. మావోళ్ళు గాదు గదా?”

ఎవరూ నేర్పని ప్రశ్న అది.

“చక్రాయపేట అవతల, శెనక్కాయ చేండ్ల కాడ. ఆడమనిషి. పెంచలమ్మంట. మీవోళ్ళేనా?”

చంద్రమోహన్ అప్పటికే రజని ఫోన్ లాక్కుని గుమ్మం దాటాడు. వరండాలో, వేంపల్లె వైపున్న ట్రస్టు జీపు డ్రైవరుతో ఫోన్‌లో అతను అరుస్తున్న అరుపులు లోపలికి వినిపిస్తున్నాయి. పెంచలమ్మ, చక్రాయపేట, శెనక్కాయ చేండ్లు, పరిగెత్తు అప్పా, పరిగెత్తు. జీపు ఎంత వేగంగా పోయినా ఇంకో అరగంట పడుతుంది. ఆమెకు అరగంట ఉందో లేదో ఎవరికీ తెలియదు.

ఇక పెట్టెయ్యమని రజని సైగ చేసింది. యల్లమ్మ చూసింది గానీ ఫోన్ కిందికి దించలేదు.

“నాయనా,” అంది. ఈసారి గొంతులో ఏడుపు లేదు. “సోమవారం తొమ్మిదిన్నరకు బండి వస్తాంది అంటివి. ఈ పొద్దు బేస్తవారం. మా ఆయప్పను మట్టిలో పండుకోబెట్టొస్తిమి. ఇంగెప్పుడొస్తావు?”

అవతల ఫోన్ వెంటనే కట్ కాలేదు. మహేష్ ఊపిరి తీస్తున్న చప్పుడూ, ఏదో బస్సు హారనూ వినిపించాయి. యల్లమ్మ జవాబు కోసం ఎదురుచూస్తూ అలాగే నిలబడి ఉంది.